బాక్సింగ్ వీరుడు జో లూయిస్

మన వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ ఒక గొప్పవారి జీవితం గురించి చెప్పుకోవడం ఆనవాయితీ. ఎక్కువగా దేశ నాయకుల గురించో, శాస్త్రవేత్తల గురించో, కవుల గురించో రాసుకుంటాం. ఈసారి పెద్దగా చదువు అబ్బని, నలుగురిలో నోరు విప్పడానికి మొహమాటపడే ఒక బాక్సర్ గురించి తెలుసుకుందాం. ఆయన పేరు జో లూయిస్. ఆయన కథ చదువుతుంటే అక్కడక్కడా మన ఇంటి కథలాగే అనిపిస్తుంది.

బాల్యం

జో లూయిస్ 1914 మే 13న అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఒక పల్లెలో పుట్టాడు. అసలు పేరు జోసెఫ్ లూయిస్ బారో. ఎనిమిది మంది పిల్లల్లో ఏడవవాడు. తాతల తరం వారు బానిసలు. తల్లిదండ్రులు ఇతరుల భూముల్లో పత్తి పండించి, వచ్చిన దాంట్లో వాటా తీసుకుని బతికేవారు. జోకు రెండేళ్ల వయసులో తండ్రిని మానసిక వైద్యశాలలో చేర్చారు. తల్లి లిల్లీ బట్టలు ఉతికి పిల్లలను సాకింది. జోకు మాటలు ఆలస్యంగా వచ్చాయి, నత్తి కూడా ఉండేది.

నల్లజాతి వారి మీద దాడులు చేసే కూ క్లక్స్ క్లాన్ భయంతో, ఆ కుటుంబం 1926లో ఉత్తరాదిన ఉన్న డెట్రాయిట్ నగరానికి వలస వెళ్లింది. అక్కడ జో వృత్తి విద్యా పాఠశాలలో వడ్రంగం నేర్చుకున్నాడు. బండి మీద ఐసు దిమ్మెలు మోశాడు. 1929 తర్వాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో ఆ ఇంట్లో పనులు పోయాయి. నగరం పేదలకిచ్చే సంక్షేమ సహాయంతోనే కుటుంబం గడిచింది. కొడుకు వయొలిన్ నేర్చుకుంటాడని తల్లి ఆశపడి ఇచ్చిన డబ్బును ఆయన బాక్సింగ్ వ్యాయామశాలకు కట్టేవాడని చెబుతారు.

రింగులో తొలి అడుగులు

1932లో ఆడిన మొదటి అమెచ్యూర్ పోటీలో జో చిత్తుగా ఓడిపోయాడు. చాలాసార్లు కింద పడ్డాడు. కొన్నాళ్లు గ్లౌజులు పక్కన పెట్టి ఫోర్డు కార్ల కర్మాగారంలో పనికి వెళ్లాడు. మళ్లీ వచ్చి, 1934లో జాతీయ అమెచ్యూర్ విజేత అయ్యాడు. అదే ఏడాది జూలై 4న చికాగోలో తొలి ప్రొఫెషనల్ పోటీని మొదటి రౌండులోనే గెలిచాడు. అందుకు దక్కినది 59 డాలర్లు.

అప్పట్లో నల్లవాడికి హెవీవెయిట్ టైటిల్ పోటీ ఇచ్చేవారు కాదు. 1908లో జాక్ జాన్సన్ అనే నల్లజాతి వీరుడు ఛాంపియన్ అయ్యాడు. ఆయన తెల్లవారికి తలవంచలేదు, తన ఇష్టం వచ్చినట్టు బతికాడు. ఆ కోపంతో 1915లో ఆయన ఓడిన తర్వాత 22 ఏళ్లు మరో నల్లవాడికి ఆ కిరీటం దక్కనివ్వలేదు. అందుకే జో మేనేజర్లు ఆయనకు నియమాలు పెట్టారు. పడిపోయిన తెల్ల ప్రత్యర్థిని చూసి నవ్వకూడదు. తెల్ల స్త్రీల పక్కన ఫొటో దిగకూడదు. గెలిచినా సంబరం చూపకూడదు. ఇవి ఆటకు సంబంధించిన నియమాలు కావు, జాతికి సంబంధించినవి. ఎక్కడ ఎలా కూర్చోవాలి, ఎంత గట్టిగా మాట్లాడాలి అని మన పెద్దలకు కూడా కొందరు నియమాలు పెట్టిన సంగతి మనకు తెలియనిది కాదు. శిక్షకుడు జాక్ బ్లాక్‌బర్న్ చెప్పినది ఒక్కటే. పాయింట్ల తీర్పు తెల్లవారి చేతిలో ఉంటుంది కనుక, తీర్పు అవసరం లేకుండా నాకౌట్‌తోనే గెలవాలి.

ఓటమి, గెలుపు

వరుస విజయాల తర్వాత 1936 జూన్ 19న జర్మనీకి చెందిన మాక్స్ ష్మెలింగ్ 12వ రౌండులో జోను పడగొట్టాడు. జో దెబ్బ కొట్టాక ఎడమ చేతిని కిందికి దించుతాడని ష్మెలింగ్ ముందే కనిపెట్టాడు. జో మాత్రం సాధన తగ్గించి గోల్ఫ్ ఆడుతూ గడిపాడు. ఆ తప్పు దిద్దుకుని 1937 జూన్ 22న బ్రాడాక్‌ను ఎనిమిదో రౌండులో ఓడించి, 23 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

సరిగ్గా ఏడాదికి, 1938 జూన్ 22న న్యూయార్క్‌లో 70 వేల మంది ముందు మళ్లీ ష్మెలింగ్‌తో తలపడ్డాడు. హిట్లర్ ప్రభుత్వం ష్మెలింగ్‌ను తమ జాతి గొప్పదనానికి గుర్తుగా చూపుకుంది. ఆ పోటీ 124 సెకన్లలో ముగిసింది. జో గెలిచాడు. నిజానికి ష్మెలింగ్ నాజీ పార్టీ సభ్యుడు కాదు. అదే ఏడాది చివర ఇద్దరు యూదు బాలురను దాచి కాపాడాడు. తర్వాతి కాలంలో ఇద్దరూ మంచి మిత్రులయ్యారు.

జో టైటిల్‌ను 25 సార్లు నిలబెట్టుకుని, 1949లో రిటైరయ్యే వరకు పదకొండేళ్లకు పైగా ఛాంపియన్‌గా ఉన్నాడు.

తీసుకున్నది, ఇచ్చినది

సంపాదన మొదలైన కొద్ది కాలానికే జో, తన కుటుంబం తీసుకున్న సంక్షేమ సహాయాన్ని లెక్కగట్టి డెట్రాయిట్ నగరానికి తిరిగి కట్టేశాడు. ఎవరూ అడగలేదు. 1942లో రెండు పోటీల పారితోషికాన్ని నావికాదళ, సైన్య సహాయ నిధులకు ఇచ్చి తానే సైన్యంలో చేరాడు. ఆ సైన్యంలో నల్లవారికి వేరే దళాలు ఉండేవి. నల్ల సైనికులను వేరుగా కూర్చోబెడితే ప్రదర్శన ఇవ్వనన్నాడు. అధికారి శిక్షణ దక్కని జాకీ రాబిన్సన్ తరఫున తన పలుకుబడి వాడాడు. ఆ రాబిన్సనే 1947లో బేస్‌బాల్‌లో వర్ణ వివక్ష గోడను దాటాడు.

అయితే లెక్కలు చూసుకోవడం జోకు రాలేదు. పత్రాలన్నీ ఇతరులు చూసేవారు. చేయి కూడా పెద్దది, అడిగిన వారికల్లా ఇచ్చాడు. విరాళంగా ఇచ్చిన పారితోషికం మీద కూడా పన్ను పడింది. బాకీ పది లక్షల డాలర్లు దాటింది. అప్పు తీర్చడానికి 1950లో మళ్లీ రింగులోకి దిగి ఎజార్డ్ చార్లెస్ చేతిలో ఓడాడు. 1951లో మార్సియానో చేతిలో ఓడి ఆట ముగించాడు. తర్వాత కుస్తీ పోటీల్లో దిగాడు. చివరి రోజుల్లో లాస్ వేగాస్‌లోని ఒక హోటల్లో అతిథులను పలకరించే పని చేశాడు. మత్తు మందులు, మానసిక అనారోగ్యం కూడా ఆయనను బాధించాయి. 1981 ఏప్రిల్ 12న మరణించాడు. సైనిక గౌరవాలతో ఆర్లింగ్టన్‌లో ఖననం చేశారు. అంత్యక్రియల ఖర్చులో కొంత ష్మెలింగ్ భరించాడు.

మిత్రులారా, మనం కూడా ప్రభుత్వ సహాయంతో చదువుకుంటున్న వాళ్లమే. హాస్టల్ పేరు చెప్పడానికి సిగ్గుపడే మిత్రులు మనలో ఉన్నారు. ఈ అన్నం, ఈ పుస్తకాలు మనకు భిక్ష కాదు, హక్కు. వాటిని ఎవరూ తిరిగి కట్టమనరు. అయినా జో చేసినట్టు మన తర్వాత వచ్చే పిల్లలకు ఏదో ఒకటి చేయడం మన చేతిలో ఉంది. ఇప్పటికే అలా చేస్తున్న పూర్వ విద్యార్థులకు ఈ సందర్భంగా నమస్కారాలు. జో చేయలేకపోయిన పని కూడా మనం నేర్చుకుందాం. మన సంపాదన లెక్క మనమే చూసుకుందాం, చదవనిదే ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. మనం ఇక్కడ చదువుకుంటున్నది అందుకు కూడా.