ఊతకర్ర పట్టిన అధ్యక్షుడు

అమెరికా అధ్యక్షుడిగా నాలుగుసార్లు ఎన్నికైన ఏకైక నాయకుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. ఆయనకు 39వ ఏట నుంచి రెండు కాళ్లూ పనిచేయలేదు. ఉక్కు క్యాలిపర్లు, చంకకర్రలు, చేతికర్ర, చక్రాల కుర్చీ... అన్నీ వాడారు. జారిపడ్డారు, మళ్లీ లేచారు. ఆయన ఎక్కడ నిలదొక్కుకున్నారో, ఎక్కడ పట్టు తప్పారో గమనిస్తే మన ఇంట్లో పెద్దవాళ్లకు ఎలాంటి ఊతం కావాలో, దాన్ని ఎలా వాడాలో తేలిగ్గా బోధపడుతుంది.

మూడు రోజుల్లో తలకిందులు

రూజ్‌వెల్ట్ 1882 జనవరి 30న న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్‌పార్క్‌లో సంపన్న కుటుంబంలో పుట్టారు. 28 ఏళ్లకే రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికయ్యారు. నౌకాదళ శాఖలో ఏడేళ్లు సహాయ కార్యదర్శిగా పనిచేశారు. 1920లో ఉపాధ్యక్ష పదవికి పోటీచేసి ఓడినా, పార్టీలో మంచి భవిష్యత్తు ఉన్న నాయకుడని అందరూ అనుకునేవారు. ఈత, పడవ నడపటం, గుర్రపుస్వారీ అంటే ప్రాణం.

1921 ఆగస్టు 10న కెనడాలోని కాంపోబెల్లో దీవిలో కుటుంబంతో సెలవులు గడుపుతున్నారు. ఆ రోజు పిల్లలతో కలిసి అడవి మంట ఆర్పారు, చల్లటి నీళ్లలో ఈదారు. సాయంత్రానికి వణుకు మొదలైంది. భోజనం కూడా సరిగా చేయకుండా పడుకున్నారు. తెల్లారేసరికి ఒక కాలు పట్టు తప్పింది. మర్నాటికి రెండో కాలూ పడిపోయింది. మూడో రోజుకు నిలబడలేని స్థితి. మొదట వచ్చిన డాక్టర్లు జబ్బును గుర్తించలేకపోయారు. సుమారు రెండు వారాల తర్వాత బోస్టన్ నుంచి వచ్చిన నిపుణుడు డాక్టర్ లోవెట్ అది పోలియో అని తేల్చారు. అది గిలాన్ బారీ సిండ్రోమ్ అయి ఉండవచ్చని 2003లో కొందరు పరిశోధకులు వాదించారు. జబ్బు ఏదైనా ఫలితం ఒక్కటే. నడుము కింది కండరాలు ఇక కోలుకోలేదు.

పాలిష్ రాళ్ల మీద చంకకర్రలు

1922 మొదట్లో ఆయన కాళ్లకు తుంటి నుంచి పాదం దాకా ఉక్కు క్యాలిపర్లు అమర్చారు. రెండింటి బరువు సుమారు నాలుగున్నర కిలోలు. మోకాలి దగ్గర లాక్ వేస్తే కాలు కర్రలా బిగుసుకుని శరీరం బరువు మోస్తుంది. కూర్చోవాలంటే లాక్ తీయాలి. వీటికి తోడు రెండు చంకకర్రలు. హైడ్‌పార్క్ ఇంటి ముందున్న పొడవైన దారి చివరి దాకా నడవాలని రోజూ సాధన చేసేవారు. కొద్ది అడుగులకే ఒళ్లంతా చెమటలు పట్టేవి.

ఆ ఏడాది అక్టోబరులో, జబ్బుపడ్డాక మొదటిసారి న్యూయార్క్‌లోని తన ఆఫీసుకు వెళ్లారు. భవనం హాల్లో నున్నటి పాలిష్ రాళ్లు పరిచి ఉన్నాయి. డ్రైవర్ పక్కనే ఉన్నా చంకకర్ర జారింది. అందరూ చూస్తుండగా నేలమీద పడిపోయారు. ఆయన నవ్వుతూనే చుట్టూ చేరినవాళ్లలో ఇద్దరు కుర్రాళ్ల సాయంతో లేచి, కర్రలు సర్దుకుని లిఫ్టు దాకా వెళ్లారు. కానీ మళ్లీ ఆ ఆఫీసు గడప తొక్కడానికి చాలా రోజులు పట్టింది.

ఆయన పడింది కాళ్లలో బలం లేక మాత్రమే కాదు, నేల జారి. ఈ మాట మన ప్రత్తిపాడు, పెదనందిపాడు వైపు ఇళ్లకు బాగా వర్తిస్తుంది. చీమకుర్తి గ్రానైట్ మనకు దగ్గరే. కొత్తగా కట్టిన ఇళ్లలో వసారా మెట్ల నుంచి వంటగది దాకా అద్దంలా మెరిసే రాళ్లే. దానిమీద నాలుగు చుక్కల నీళ్లు పడితే కుర్రవాళ్లకే కాలు నిలవదు. ఇక బయట నల్లరేగడి. వాన కురిస్తే ఆ మట్టి వాకర్ కాళ్లకు ముద్దలా అంటుకుంటుంది. రబ్బరు బుష్‌ల అడుగున ఉండే గాళ్లు మట్టితో నిండిపోతే అదే వాకర్ ఇంట్లో నున్నటి నేలమీద జారుతుంది. అందుకే బయటి నుంచి రాగానే బుష్‌లు కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. అరిగి నున్నగా అయినా, పగుళ్లు వచ్చినా వెంటనే మార్చాలి. వాకర్ ఖరీదుతో పోలిస్తే వీటి ధర చాలా తక్కువ.

ఆనుకునే ముందు కదిపి చూడమన్నారు

1924 జూన్ 26. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో డెమోక్రటిక్ పార్టీ మహాసభ. అధ్యక్ష అభ్యర్థిగా ఆల్ స్మిత్ పేరును ప్రతిపాదించే బాధ్యత రూజ్‌వెల్ట్‌ది. జబ్బుపడ్డ మూడేళ్లకు మళ్లీ అంతమంది ముందుకు రావడం అదే మొదలు. వేదిక మీద ఎన్ని అడుగులు వేయాలో ముందే కొలుచుకుని ఇంట్లో సాధన చేశారు. సభలో కొంత దూరం 16 ఏళ్ల కొడుకు జేమ్స్ చేయి పట్టుకుని వచ్చారు. చివరి కొద్ది అడుగులూ రెండు చంకకర్రలతో ఒంటరిగా వేయాలి.

ఆ అడుగులు వేయడానికి ముందు పక్కనున్న నాయకుణ్ని ఒక పని చేయమన్నారు. వేదిక మీదున్న ప్రసంగ బల్లను గట్టిగా కదిపి చూసి, తన బరువు ఆపుతుందో లేదో చెప్పమన్నారు. ఆపుతుందని తెలిశాకే కదిలారు. బల్ల దగ్గరికి చేరి, కర్రలు పక్కన పెట్టి, రెండు చేతులతో దాన్ని పట్టుకుని ప్రసంగం ముగిసేదాకా నిలబడ్డారు. చేతులు ఖాళీగా లేవు కాబట్టి తల ఊపుతూ, గొంతుతోనే జనాన్ని ఆకట్టుకున్నారు. ఆ మహాసభలో స్మిత్‌కు అభ్యర్థిత్వం దక్కలేదు. కానీ దేశానికి రూజ్‌వెల్ట్ మళ్లీ కనిపించారు.

మన ఇళ్లలో పెద్దవాళ్లు దేన్ని పట్టుకుని లేస్తున్నారో ఒకసారి చూడండి. బాత్రూంలో కుళాయి, తువ్వాలు వేసే రాడ్, ప్లాస్టిక్ కుర్చీ వీపు, తలుపు గడియ... ఇవేవీ మనిషి బరువు ఆపడానికి పెట్టినవి కావు. కమోడ్ పక్కన, స్నానం చేసేచోట గోడలోకి గట్టిగా బిగించిన స్టీలు పట్టుకడ్డీలు ఉండాలి. వాకర్‌ను పట్టుకుని లాగుతూ కుర్చీలోంచి లేవడం కూడా ఇలాంటి పొరపాటే. అది ముందుకు ఒరిగి మీద పడుతుంది. కుర్చీ చేతుల మీద బలం వేసి లేచి, నిలదొక్కుకున్నాకే వాకర్ అందుకోవాలి.

వేడి నీళ్లూ, కొత్త నడకా

ఆ శరదృతువులోనే రూజ్‌వెల్ట్ జార్జియా రాష్ట్రంలోని వామ్ స్ప్రింగ్స్‌కు వెళ్లారు. అక్కడి ఊట నీరు సహజంగానే 31 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంటుంది. నీళ్లలో శరీరం తేలికవుతుంది కాబట్టి, నేలమీద కదలని కాళ్లు అక్కడ కొంత కదిలాయి. 1926లో ఆ స్థలాన్ని కొని పోలియో బాధితుల చికిత్సా కేంద్రంగా మార్చారు. తన ఆస్తిలో పెద్ద భాగం దానికే పెట్టారు.

ఫిజియోథెరపిస్టు హెలెనా మహోనీ అక్కడే ఆయనకు కొత్త నడక నేర్పారు. ఒక చేతిలో చేతికర్ర, రెండో చేయి కొడుకు మోచేతి మీద. నడుమును అటూ ఇటూ తిప్పుతూ బిగుసుకున్న కాళ్లను ఒకదాని తర్వాత ఒకటి ముందుకు వేయాలి. 1928 హ్యూస్టన్ మహాసభకు ముందు ఇంకో కొడుకు ఎలియట్‌తో వారాల తరబడి ఇదే సాధన. సభలో చూసినవాళ్లకు ఆయన కాస్త కుంటుతున్నట్టు అనిపించిందే తప్ప, కాళ్లు పూర్తిగా పడిపోయాయని తోచలేదు. ఆ ఏడాదే న్యూయార్క్ గవర్నరుగా గెలిచారు. 1933 మార్చి 4న అమెరికా అధ్యక్షుడయ్యారు.

ఈ నడకలో ఓ చిక్కు ఉంది. రెండు చంకకర్రలతో ఉన్నంత నిలకడ ఒక చేతికర్రతో రాదు. అయినా జనం ముందు ఆయన చంకకర్రలు వదిలేశారు. వాటిని చూస్తే ఓటర్లకు జాలి పుడుతుందని, జాలిపడే మనిషికి దేశాన్ని అప్పగించరని ఆయన అంచనా. రాజకీయంగా అది నిజమే కావచ్చు. శరీరానికి మాత్రం అది ప్రమాదకరమైన ఎంపిక.

లాక్ ఊడిన రాత్రి

1936 జూన్ 27 రాత్రి ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఫీల్డ్ మైదానం. లక్షమందికి పైగా జనం. రెండోసారి అభ్యర్థిత్వాన్ని అంగీకరిస్తూ రూజ్‌వెల్ట్ మాట్లాడాలి. జేమ్స్ చేయి పట్టుకుని వేదిక వైపు నడుస్తూ, వృద్ధ కవి ఎడ్విన్ మార్కమ్‌ను చూసి కరచాలనం చేయబోయారు. బరువు ఒక పక్కకు ఒరిగింది. క్యాలిపర్ లాక్ ఊడిపోయింది. అధ్యక్షుడు కూలబడ్డారు. చేతిలోని ప్రసంగం కాగితాలు చెల్లాచెదురయ్యాయి. అంగరక్షకులు చుట్టూ నిలబడి జనానికి కనిపించకుండా పైకి లేపారు, లాక్ మళ్లీ బిగించారు, బట్టలకంటిన మట్టి దులిపారు. కొన్ని నిమిషాల్లోనే ఆయన ఏమీ జరగనట్టు ప్రసంగించారు.

చేతికర్రతో నడిచేవాళ్లు పడిపోయేది చాలావరకు తిన్నగా నడిచేటప్పుడు కాదు. పక్కకు తిరిగినప్పుడు, ఎవరో పిలిస్తే వెనక్కి చూసినప్పుడు, ఫోన్ అందుకోబోయినప్పుడు. ముందు ఆగాలి, రెండు కాళ్లూ కుదురుకోవాలి, ఆ తర్వాతే చేయి చాచాలి. తిరగాలంటే నడుము మెలితిప్పకుండా చిన్న చిన్న అడుగులు వేస్తూ తిరగాలి. మడతపెట్టే వాకర్ తెరిచినప్పుడు రెండు పక్కలా టక్కుమని లాక్ పడిందో లేదో ప్రతిసారీ చూడాలి. ఎత్తు సరిచేసే బటన్లు నాలుగు కాళ్లలోనూ ఒకే రంధ్రంలోంచి పూర్తిగా బయటికి రావాలి.

భోజనాల కుర్చీకి చక్రాలు

ఇంట్లో, ఆఫీసులో రూజ్‌వెల్ట్ ఎక్కువగా చక్రాల కుర్చీలోనే తిరిగేవారు. అప్పట్లో దొరికే వీల్‌చైర్లు పెద్దవి, బరువైనవి. చేతులు లేని మామూలు భోజనాల కుర్చీకి చిన్న చక్రాలు పెట్టించుకున్నారు. ఇరుకు తలుపుల్లోంచి, మలుపుల్లోంచి అది సులువుగా దూరేది. కాళ్లు కదపకుండా చేతులతోనే నడిపేలా కారును మార్పించుకున్నారు. వస్తువుకు తగ్గట్టు ఆయన మారలేదు, తన అవసరానికి తగ్గట్టు వస్తువును మార్చుకున్నారు.

ఇది మనం చాలాసార్లు మరచిపోయే సంగతి. వాకర్ కొని తెచ్చాక అది బాత్రూం తలుపులో పట్టదని తెలుస్తుంది. కొనేముందే టేపుతో తలుపులన్నీ కొలవండి. గడపలు ఎంత ఎత్తున్నాయో చూడండి. మంచం నుంచి బాత్రూం దాకా దారిలో డోర్‌మ్యాట్లు, వైర్లు తీసేయండి. రాత్రంతా వెలిగే చిన్న బల్బు పెట్టండి.

దాచింది చాలనుకున్న రోజు

పన్నెండేళ్ల పదవీకాలంలో ఆయన చక్రాల కుర్చీలో ఉన్న ఫొటోలు వేళ్ల మీద లెక్కించదగినన్నే దొరికాయి. క్యాలిపర్లు బట్టల్లో కలిసిపోయేలా వాటికి నల్లరంగు వేయించేవారు. 1945 మార్చి 1న మాత్రం పార్లమెంటు ముందు కూర్చునే మాట్లాడారు. కాళ్లకున్న ఉక్కు బరువు గురించి తనే ప్రస్తావించి, కూర్చున్నందుకు మన్నించమని కోరారు. ఎవరూ తక్కువగా చూడలేదు. అప్పటికే అధిక రక్తపోటుతో ఆరోగ్యం బాగా దెబ్బతింది. ఏప్రిల్ 12న వామ్ స్ప్రింగ్స్‌లో, 63 ఏళ్ల వయసులో, మెదడులో రక్తస్రావంతో కన్నుమూశారు. ఆయన 1938లో నెలకొల్పిన సంస్థ ఇచ్చిన నిధులతోనే జోనాస్ సాక్ పోలియో టీకా తయారైంది. అది పనిచేస్తుందన్న ప్రకటన సరిగ్గా ఆయన పదో వర్ధంతి రోజు, 1955 ఏప్రిల్ 12న వెలువడింది. 2014లో మన దేశానికీ పోలియో రహిత గుర్తింపు వచ్చింది.

తెలుగువాళ్లకు ఊతకర్ర పట్టిన నాయకుడంటే వెంటనే గుర్తొచ్చేది ఎస్.జైపాల్‌రెడ్డి. పసితనంలోనే పోలియో సోకింది. 1969లో కల్వకుర్తి నుంచి శాసనసభకు వెళ్లి, తర్వాత కేంద్రమంత్రి అయ్యారు. ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం అందుకున్నారు. ఆయన కర్రను దాచలేదు. జనం చూసింది కర్రను కాదు, మనిషిని.

తుంటి ఎముక విరిగో, పక్షవాతం వచ్చో, మోకాళ్లు అరిగో నడక తడబడే పెద్దవాళ్లు నలుగురూ ఏమనుకుంటారోనని వాకర్ వద్దంటారు. గోడలు పట్టుకుని నడుస్తారు. పడితే మళ్లీ ఆసుపత్రి, మళ్లీ మంచం. దాచుకోవడానికి రూజ్‌వెల్ట్‌కు కొడుకులూ, అంగరక్షకులూ ఉన్నారు. మన నాన్నకో అత్తయ్యకో అర్ధరాత్రి బాత్రూంకు వెళ్లేటప్పుడు తోడుండేది ఆ వాకరే.

ఎవరికి ఏది? ఎలా?

• ఒక కాలే బలహీనం, నిలకడ ఫర్వాలేదు అంటే చేతికర్ర. పక్షవాతం తర్వాత ఇంకాస్త ఆసరా కావాలంటే నాలుగు కాళ్ల కర్ర. రెండు కాళ్లూ తడబడితే, ఆపరేషన్ తర్వాత కొత్తగా నడుస్తుంటే వాకర్. దాన్ని ఎత్తి పెట్టే శక్తి లేకపోతే ముందు చక్రాలున్నది. డాక్టరో ఫిజియోథెరపిస్టో చూశాకే కొనాలి.

• చెప్పులు వేసుకుని, నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలితే పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. పట్టుకున్నప్పుడు మోచేయి కొద్దిగా వంగాలి.

• చేతికర్రను నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో వైపు చేతిలో పట్టుకోవాలి. కర్రా, బలహీనమైన కాలూ కలిసి ముందుకు వేయాలి.

• చంకకర్ర పైభాగానికీ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ల ఖాళీ ఉండాలి. బరువంతా అరచేతుల మీదే. చంక మీద వేలాడితే నరాలు నలిగి చేయి తిమ్మిరెక్కుతుంది.

• మామూలు వాకర్ నాలుగు కాళ్లూ నేలకు ఆనాకే అడుగు వేయాలి. ముందు బలహీనమైన కాలు, తర్వాత బలమైన కాలు. ముందు కడ్డీకి మరీ దగ్గరగా వెళ్లొద్దు.

• చేతికర్రతో మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు కర్ర, బలహీనమైన కాలు ముందు. రెండో చేయి రెయిలింగ్ మీద ఉండాలి. వాకర్‌తో మెట్లెక్కే ప్రయత్నం చేయొద్దు.

• వదులు చెప్పులు, నేలకు తగిలే చీర కుచ్చిళ్లు, జారే పంచె అంచులు... వీటి విషయంలో జాగ్రత్త. వాకర్‌కు బరువైన సంచులు తగిలించొద్దు.