కాపరి కంటే ముందు టీ ఇచ్చినవారు



1935లో ఇంగ్లండ్‌లోని లింకన్ పట్టణంలో ఒక యువ కాపరి తన సేవలో మొట్టమొదటి భూస్థాపన కార్యక్రమం జరిపించారు. పెట్టెలో ఉన్నది పదమూడు, పద్నాలుగేళ్ల బాలిక. మొదటిసారి నెలసరి వచ్చింది. అదేమిటో ఆమెకు చెప్పినవారు లేరు. బయటికి చెప్పుకోలేని రోగమేదో పట్టుకుందని భయపడి ప్రాణం తీసుకుంది. ఎవరైనా ఒక్కరు దగ్గర కూర్చోబెట్టుకొని నాలుగు మాటలు చెప్పి ఉంటే ఆమె భయం తీరిపోయేది. ఆ సమాధిని ఆ కాపరి జీవితాంతం మరిచిపోలేదు. ఆయన పేరు చాడ్ వారా.

ఆయన 1911లో ఒక కాపరి ఇంట తొమ్మిదిమంది పిల్లల్లో పెద్దవాడిగా పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి సేవకు వచ్చారు. ఆ భూస్థాపన తర్వాత యౌవనస్థులకు శరీరం గురించి, వివాహం గురించి దాపరికం లేకుండా బోధించడం మొదలుపెట్టారు. కొందరు ముఖం చిట్లించారు. అయినా ఆయన మానలేదు.

1953లో లండన్ నగరంలోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ అనే చిన్న దేవాలయానికి కాపరిగా వచ్చారు. ఆ మహానగరంలో రోజుకు సగటున ముగ్గురు ప్రాణం తీసుకుంటున్నారని ఆయన చదివి ఉన్నారు. ఇల్లు తగలబడితే ఫోను చేయడానికి ఒక నంబరు ఉంది. బ్రతకాలన్న ఆశ చచ్చిపోతే ఎవరికి ఫోను చేయాలి? పైగా ఆత్మహత్యాయత్నం అప్పుడు ఆ దేశంలో నేరం. 1961 వరకు ఆ చట్టం మారలేదు. అందుకని మనసులో మాట బయటపెట్టడానికే జనం భయపడేవారు. ఆ ఏడాది నవంబరు 2న ఆ దేవాలయంలోని ఫోను అలాంటివారి కోసం మోగడం మొదలైంది.

పత్రికల్లో వార్త రాగానే ఫోన్లు పెరిగాయి, గుమ్మం దగ్గర మనుషులు పెరిగారు. ఒక్క కాపరి ఎంతమందితో మాట్లాడగలడు? సాయం చేస్తామని మామూలు మనుషులు కొందరు వచ్చారు. కాపరి పిలిచేవరకు వేచి ఉన్నవారికి టీ ఇచ్చి, పక్కన కూర్చుని, వారు చెప్పేది వినడం వీరి పని.

కొన్ని వారాలకు చాడ్ వారా ఒక సంగతి గమనించారు. వచ్చినవారిలో చాలామంది తనను చూడకుండానే, మనసు తేలికై ఇంటికి వెళ్లిపోతున్నారు. తర్ఫీదు పొందిన కాపరి లోపలి గదిలో ఉన్నాడు. మేలు మాత్రం బయట బల్ల మీదే జరిగిపోతోంది. ఆయన చిన్నబుచ్చుకోలేదు. 1954 ఫిబ్రవరిలో ఫోనును ఆ స్వచ్ఛంద సేవకుల చేతికి అప్పగించారు. వారిని ఎంచుకోవడం, తర్ఫీదు ఇవ్వడం తన పనిగా పెట్టుకున్నారు. చెప్పినది గుట్టుగా ఉంచాలి. తీర్పు తీర్చకూడదు. ప్రసంగం చేయకూడదు. ఒక కాపరి పెట్టిన నియమాలివి! మంచి సమరయుని పేరుతో ‘సమారిటన్స్’ అయిన ఆ పని తర్వాత అనేక దేశాలకు పాకింది. మన పొరుగున చెన్నైలో 1986 నుంచి స్నేహ, హైదరాబాదులో 1997 నుంచి రోష్ని ఇదే దారిలో పనిచేస్తున్నాయి. చాడ్ వారా 2007లో, 95 ఏళ్ల వయసులో నిద్రించారు.

ఈ జీవితం మన శ్రీకాకుళం, విజయనగరం సంఘాలకు ఎందుకు కావాలి? 2023 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన రెండు రోజుల్లో మన రాష్ట్రంలో తొమ్మిదిమంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. వారిలో శ్రీకాకుళం జిల్లా బిడ్డ కూడా ఉన్నాడు. మన పల్లెల్లో అమ్మానాన్నలు పనుల కోసం విశాఖకు, హైదరాబాదుకు, చెన్నైకి వలసపోతే, పిల్లలు తాతమ్మల దగ్గరో హాస్టళ్లలోనో పెరుగుతున్నారు. మార్కులు ఎన్నని అడిగేవారు చాలామంది ఉన్నారు. మనసెలా ఉందని అడిగేవారే తక్కువ.

సెమినరీలో నేను బోధించడం నేర్చుకున్నాను గాని వినడం నేర్చుకోలేదు. ఎదుటివారు రెండు మాటలు చెప్పకముందే బైబిలు తెరిచిన రోజులున్నాయి. అది తప్పని ఒప్పుకుంటున్నాను.

ప్రతి సంఘంలో నలుగురు చాలు. ఒక రిటైరైన మాస్టారు, ఒక నర్సమ్మ, స్త్రీల సమాజంలో ఒక అక్క, ఒక యౌవనస్థుడు. ఫలితాలు వచ్చే రోజున పిల్లలున్న ఇళ్లకు వెళ్లి రండి. దిగులుగా కనిపించిన బిడ్డను, చనిపోవాలనిపిస్తోందా అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ మాత్రమే. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లోవారికి తెలియజేయండి, ఆసుపత్రికి తోడు వెళ్లండి. 14416 టెలీ మానస్ నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పోలీసు కేసవుతుందని దాచిపెట్టకండి. అలాంటి ప్రయత్నం చేసినవారిని తీవ్ర మానసిక ఒత్తిడిలో ఉన్నవారిగా చూసి ఆదుకోవాలని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. అది పాపమన్న ప్రసంగాన్ని ఆ ఇంటి గుమ్మం బయటే ఉంచండి.

బదరీవృక్షం కింద కూర్చొని మరణం కోరిన ఏలీయాకు దేవుడు ముందుగా పంపింది గద్దింపు కాదు, రొట్టె, నీళ్లు, నిద్ర. మాట తర్వాత వచ్చింది. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక ఆ నలుగురు ఎవరో మీ సంఘంలో నిర్ణయించుకోండి. ఫలితాలు వచ్చేదాకా ఆగవద్దు.