జూడో పితామహుడు జిగొరో కానో

మన పిల్లలు కొందరు సాయంత్రం వేళ జూడో నేర్చుకుంటున్నారు. ఆ విద్యను రూపొందించినవాడు ఒక బడిపంతులని వారిలో ఎందరికి తెలుసు?

జిగొరో కానో 1860 డిసెంబరు 10న జపానులో, కోబె సమీపంలోని మికగేలో జన్మించారు. చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకుని తండ్రి వెంట టోక్యో చేరారు. చదువులో దిట్ట, శరీరం మాత్రం పొట్టి, బక్కపలుచన. బడిలో పెద్ద పిల్లలు ఆయనను ఏడిపించి కొట్టేవారు. ఆ అవమానం ఓర్వలేక 1877లో ఫుకుదా అనే గురువు వద్ద జుజుత్సు అనే పాత మల్లవిద్య నేర్వసాగారు.

అక్కడ భారీకాయుడైన ఒక తోటి శిష్యుణ్ణి ఎంత ప్రయత్నించినా పడగొట్టలేకపోయారు. పుస్తకాలు తిరగవేశారు, ఆలోచించారు. చివరకు ఒకనాడు వంగి, అతని కిందికి దూరి, భుజాలపైకి ఎత్తి పడవేశారు. ఒక్క చేతుల వల్ల కాని పని కాళ్ళు, నడుము, భుజాలు కలిస్తే అయింది.

ఈ అనుభవాన్నే ఆయన క్రమంగా పద్ధతిగా మలచారు. ఎదుటివాడు తోస్తే ఎదురు తోయరాదు, ఆ ఊపుతోనే లాగాలి. ముందు అతని నిలకడ తప్పించాలి, పిమ్మట మన శరీరాన్ని తగినచోట అమర్చాలి, ఆపైన విసరాలి. మూడూ ఒకే కదలికగా సాగాలి. అడుగు ఒకవైపు, చేయి ఒకవైపు పోతే శ్రమే మిగులుతుంది. తక్కువ శక్తితో ఎక్కువ ఫలితం, ఇదే ఆయన సిద్ధాంతం.

1882లో, 21 ఏళ్ళ వయసులో, టోక్యోలోని ఎయిషోజి ఆలయంలో 12 చాపలు పట్టే గదిలో కొడోకాన్ అనే శిక్షణాలయం స్థాపించారు. తొలి ఏడు శిష్యులు కొద్దిమందే. ఆయన ఉపాధ్యాయ వృత్తి మానలేదు. ఉపాధ్యాయులను తయారుచేసే ఉన్నత పాఠశాలకు ఎన్నో ఏళ్ళు అధిపతిగా పనిచేశారు. 1909లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘంలో తొలి ఆసియా సభ్యులయ్యారు.

1938లో కైరో సమావేశానికి వెళ్ళి ఓడలో తిరిగివస్తూ మే 4న కన్నుమూశారు. ఆయన కోరిన 1940 టోక్యో ఒలింపిక్స్ యుద్ధం వల్ల జరగలేదు. 1964లో అదే నగరంలో జూడో ఒలింపిక్ క్రీడ అయింది. చూడడానికి ఆయన లేరు.

మా తాతగారు చెరకు తోటలో కూలీ. కత్తి చేతితో కాదు, నడుముతో విసరమనేవారు. అందుకే ఆయన సాయంత్రం దాకా అలవకుండా నరికేవారు. ఆయన కానో పేరు వినలేదు. కాని ఇద్దరి పాఠం ఒకటే. చిన్నారులారా, ఒళ్ళు చిన్నదని దిగులుపడకండి; ఒళ్ళంతా ఒక్కటిగా కదపడం నేర్చుకోండి.