కాలేజీ మైదానంలో పెరిగిన మన మద్రాసు తెలుగాయన: కోటా రామస్వామి గారు

కాలేజీకి పంపింది చదువుకోమనే గానీ బంతి వెంట పరిగెత్తమని కాదని మన వేప్పనపల్లి వైపు ఇళ్ళలో పెద్దలు అనడం మామూలే. ఆ మాటలో తప్పేమీ లేదు. సాయంత్రం పిల్లవాడు మైదానంలో గడిపే రెండు గంటల్లో ఇంట్లో ఎన్ని కండెలు చుట్టుకోవచ్చో లెక్క వేసుకోవలసిన బతుకులు మనవి. ఆట కూడు పెడుతుందా అని అడిగితే, నూటికి తొంభై మందికి పెట్టదనే చెప్పాలి. ఇప్పుడు చెప్పబోయే పెద్దమనిషికీ పెట్టలేదు. ఆయన బతుకంతా ఉద్యోగం చేసుకునే బతికారు. అయినా ఆటలు లేకపోతే ఆయన ఆ మనిషి అయ్యేవారు కాదు.

ఆయనే కోటా రామస్వామి గారు. 1896 జూన్ 16న మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. దేశం తరఫున టెన్నిసూ ఆడారు, క్రికెట్టూ ఆడారు. రెండింటిలోనూ మన దేశానికి ఆడినవాళ్ళను వెతకబోతే ఈయన పేరు దగ్గరే ఆగిపోతాం.

ఆయన పేదింటి బిడ్డ మాత్రం కాదు. ఇది ముందే చెప్పడం మంచిది, లేకపోతే కథ వేరే దారి పడుతుంది. తండ్రి మోదవరపు వెంకట మహీపతి నాయుడు గారు, లోకం పిలిచే పేరు బుచ్చిబాబు. మైలాపూరు లజ్‌లో పెద్ద బంగళా, దుబాషీల వంశం. దుబాషీ అంటే రెండు భాషలు తెలిసినవాడు, తెల్ల వర్తకుడికీ మనవాళ్ళకీ మధ్య బేరం కుదిర్చేవాడు. (ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడే మన ఊళ్ళో ఎంతమంది దుబాషీలు తేలతారో!) అసలు 1639లో ఇంగ్లీషు కంపెనీ మద్రాసులో కాలు పెట్టిందే గుడ్డ కోసం. నేతగాళ్ళను తెచ్చి కూర్చోబెట్టడానికే చింతాద్రిపేట కట్టారు. కాబట్టి మద్రాసు వర్తకుల మేడల పునాదిలో మగ్గం శబ్దం కూడా ఉందని మనం అనుకుంటే ఎవరూ కాదనలేరు.

ఆ రోజుల్లో చెపాక్‌లోని మద్రాసు క్రికెట్ క్లబ్ తెల్లవాళ్ళది. అందులో మనవాళ్ళకు సభ్యత్వం లేదు. ఆటకు పిలిచినా, తెల్లవాళ్ళు నీడపట్టున భోంచేస్తుంటే మనవాళ్ళు చెట్టు కింద తినాల్సిందే. బుచ్చిబాబు గారికి అది కంటగింపైంది. 1888లో మనవాళ్ళ కోసం మద్రాసు యునైటెడ్ క్లబ్ పెట్టారు. కుర్రాళ్ళను కూడగట్టి ఆట నేర్పించారు. తెల్లవాళ్ళ జట్టుకూ మన జట్టుకూ ఏటా ఒక పెద్ద మ్యాచ్ జరగాలని పట్టుబట్టి 1908లో ఏర్పాట్లు కూడా చేశారు. అది జరగకముందే ఆ ఏడాదే కన్నుమూశారు. నలభై ఏళ్ళకే వెళ్ళిపోయారు.

రామస్వామికి అప్పుడు 12 ఏళ్ళు, కొడుకుల్లో ఆఖరివాడు. తల్లివైపు దత్తత వెళ్ళడం వల్లే ఆయన ఇంటిపేరు కోటా అయింది. అన్నలు బాలయ్య, వెంకటరామానుజులు ఇద్దరూ మంచి ఆటగాళ్ళే. అలాంటి ఇంట్లో చిన్నవాడు ఆడకుండా ఎలా ఉంటాడు? కానీ ఇంటి పెరట్లో ఆడటం ఒకటి, కాలేజీ జట్టులో ఆడటం ఒకటి. పెరట్లో బుచ్చిబాబు గారి అబ్బాయి అవుట్ అయితే ఇంకో బంతి వేసేవాళ్ళు ఉంటారు. కాలేజీ మైదానంలో అవుట్ అంటే అవుటే, నోరు మూసుకుని వెనక్కి నడవాలి. నువ్వు ఎవరి కొడుకువో అవతలి బౌలర్‌కు అక్కర్లేదు.

వెస్లీ స్కూలు తర్వాత ఆయన ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. సముద్రం ఒడ్డున ఆ ఎర్ర కట్టడం ఇప్పటికీ ఉంది. మెరీనాకు వెళ్ళినవాళ్ళందరూ చూసే ఉంటారు. ఎడమచేతి బ్యాటింగు, బలమైన దెబ్బ. క్రికెట్ ఒక పక్క, టెన్నిస్ ఒక పక్క. తండ్రి చూడకుండా పోయిన ఆ పెద్ద మ్యాచ్ 1915-16లో జరిగింది: ఒకవైపు యూరోపియన్లు, ఒకవైపు ఇండియన్లు. తర్వాత ఏటా సంక్రాంతి రోజుల్లో జరుగుతూ మద్రాసుకు పొంగల్ మ్యాచ్‌గా అలవాటైపోయింది. 19 ఏళ్ళ రామస్వామి పెద్ద క్రికెట్ ఆడటం మొదలుపెట్టింది ఆ సీజన్లోనే. తండ్రి చెట్టు కింద అన్నం తినలేక మొదలుపెట్టిన పనిని కొడుకు బ్యాటు పట్టుకుని అందుకున్నాడన్నమాట.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919లో ఓడెక్కి కేంబ్రిడ్జి వెళ్ళారు. 1923 దాకా అక్కడే చదువు. అక్కడ ఆక్స్‌ఫర్డ్ మీద పోటీకి దిగినవాళ్ళకు బ్లూ అనే గౌరవం ఇస్తారు, డిగ్రీతో సమానంగా చెప్పుకుంటారు. రామస్వామి గారికి ఆ బ్లూ టెన్నిస్‌లో వచ్చింది. క్రికెటర్ల ఇంటి నుంచి వెళ్ళిన కుర్రాడికి క్రికెట్‌లో కాకుండా టెన్నిస్‌లో రావడం చూడండి! ఇక్కడ నాకు తోచేది ఒకటుంది. మద్రాసులో ఆయన బుచ్చిబాబు కొడుకు, బాలయ్య తమ్ముడు. ఆ గుర్తింపు ఏదీ పనికిరాని చోట, తన సొంత కాళ్ళ మీద నిలబడ్డ మొదటి ఆట టెన్నిస్. పిల్లలు పెరగడం అంటే అదే కదా, మన నీడ దాటి నిలబడటం. 1922లో డేవిస్ కప్‌లో దేశానికి ఆడారు. డబుల్స్‌లో ఫైజీతో జంట కట్టారు. మనవాళ్ళు రొమేనియా మీద గెలిచి, స్పెయిన్ దగ్గర ఓడిపోయారు. వింబుల్డన్ కూడా ఆడారు.

తిరిగొచ్చాక మద్రాసు ప్రభుత్వ వ్యవసాయ శాఖలో ఉద్యోగం. ఆటకు అప్పట్లో జీతం లేదు. సెలవు దొరికితే మ్యాచ్, లేకపోతే ఫైళ్ళు, పొలాలు. 1932లో భారత జట్టు తొలిసారి టెస్టు ఆడినప్పుడు సి.కె.నాయుడు గారు కెప్టెన్. ఆయనా తెలుగువారే, పుట్టింది నాగపూర్. ఆ జట్టులో రామస్వామి గారు లేరు. అప్పటికే 36 ఏళ్ళు. ఇంకెవరైనా అయితే బ్యాటు అటక మీద పెట్టేసేవారు.

ఆయన పెట్టలేదు. 1936లో ఇంగ్లండు వెళ్ళే జట్టులో చోటు వచ్చింది. కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్, అందరూ విజ్జీ అనేవారు. ఆ జట్టులో గొడవలు అందరికీ తెలిసినవే. లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపించేశారు. మద్రాసు నుంచే వెళ్ళిన గోపాలన్‌ది ఇంకో కథ. ఆయన హాకీలోనూ మేటి. ఆ ఏడు బెర్లిన్ ఒలింపిక్స్ హాకీకి పోకుండా క్రికెట్‌కు వచ్చారు. హాకీ జట్టు బంగారు పతకం తెచ్చింది, ఈయనకు ఆ పర్యటనలో ఒక్క టెస్టు కూడా దక్కలేదు. రెండు ఆటలు వచ్చినవాడికి అలాంటి బాధ కూడా ఉంటుంది.

రామస్వామి గారు మాంచెస్టర్‌లో మొదటి టెస్టు ఆడేనాటికి 40 ఏళ్ళు నిండాయి. ఇంటికాడ పెద్దకొడుకు పెళ్ళి మాటలు మొదలయ్యే వయసు అది మన లెక్కలో. మన జట్టు మొదటి ఇన్నింగ్స్‌లో 203కే ముగిస్తే అందులో ఈయనవి 40. ఇంగ్లండు 571 కొట్టి మోయలేని బరువు నెత్తిన పెట్టింది. రెండో ఇన్నింగ్స్‌లో మర్చంట్, ముస్తాక్ అలీ చెరో సెంచరీ కొట్టి నిలబెట్టారు. ఆ ఇద్దరి పేర్లే అందరికీ గుర్తు. వాళ్ళ తర్వాత ఈయన 60 కొట్టారు. మ్యాచ్ డ్రా. తర్వాత ఓవల్‌లో 29, అవుట్ కాకుండా 41. రెండే టెస్టులు, 170 పరుగులు, సగటు 56 దాటింది. అక్కడితో టెస్టు ఆట అయిపోయింది.

ఇరవై ఏళ్ళకు నేర్చుకున్నది నలభై ఏళ్ళకు ఎలా మిగిలింది? ఉద్యోగం మధ్యలోనూ వారానికోసారైనా మైదానానికి వెళ్ళే అలవాటు వదలకపోవడం వల్ల అని నేననుకుంటాను. ఆ అలవాటు కాలేజీలో పడకపోతే తర్వాత పడదు. మన పిల్లల సంగతి ఇంకా కష్టం. వాళ్ళకు క్లబ్బు పెట్టిన తండ్రి లేడు, పెరట్లో పిచ్ లేదు. బడి అయ్యాక ఇల్లు, ఇంట్లో ఆసు, కండెలు. కృష్ణగిరికో, హోసూరుకో, కుప్పానికో బస్సెక్కి చదువుకోడానికి వెళ్ళే ఆ మూడేళ్ళే వాళ్ళకు మైదానం. జట్టు పేర్లు రాసుకునేటప్పుడు మన అబ్బాయో, ముఖ్యంగా మన అమ్మాయో చెయ్యెత్తితే, బస్సు ఒకటి ఆలస్యమైనందుకు ఇంట్లో కేకలు వేయకుండా ఉంటే చాలు.

తర్వాతి రోజుల్లో రామస్వామి గారు టెస్టు జట్టు సెలెక్టర్‌గా కొన్నాళ్ళు ఉన్నారు. 1952-53లో వెస్టిండీస్ వెళ్ళిన జట్టుకు మేనేజర్‌గా వెళ్ళారు. 1966లో తన ఆటల జీవితం గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు. పేరు ర్యాంబ్లింగ్స్ ఆఫ్ ఎ గేమ్స్ ఎడిక్ట్. ఆటల పిచ్చివాడి కబుర్లు అని మన మాటలో చెప్పుకోవచ్చు. డెబ్బై ఏళ్ళ మనిషి తనకు తాను పెట్టుకున్న పేరది.

1985 అక్టోబరు 15 ఉదయం ఆయన మద్రాసులో ఇంటి నుంచి బయటికి వెళ్ళారు. అప్పటికి 89 ఏళ్ళు. మళ్ళీ తిరిగి రాలేదు, ఎవరికీ కనిపించలేదు. క్రికెట్ రికార్డుల్లో ఆయన పుట్టిన తేదీ స్పష్టంగా ఉంటుంది. పోయిన తేదీ దగ్గర మాత్రం చనిపోయి ఉంటారని భావిస్తున్నట్టు రాసుకున్నారు, అంతే.