మూసారాము - ఫిరంగుల మూసలు పోయించిన రేమండు చరిత్రము

జగిత్యాల కోటను చూడబోయినవారు దాని బురుజులపై నేటికిని నిలిచియున్న ఫిరంగులను చూచియే యుందురు. నక్షత్రాకారముగా రాతితో కట్టబడి, చుట్టును కందకము గలిగిన ఆ కోటను 1747వ సంవత్సరమున జఫరుద్దౌలా ఫ్రెంచి ఇంజనీర్లచేత కట్టించెననుట ఈ ప్రాంతమున చిరకాలముగా వచ్చుచున్న మాట. 1754లో ఎలగందుల కోటలో మసీదు కట్టించినవాడును అతడే. కావున ఫ్రెంచివారి హస్తవాసి మన కరీంనగరు, ఆదిలాబాదు మండలములకు క్రొత్తది కాదు. అయితే ఆ విద్యను రాజధానిలో నిలిపి, ఒక సంస్థానపు బలమంతయు దానిపై ఆధారపడునట్లు చేసినవాడు మరియొకడు. అతడు రేమండు. పట్నము పోయినవారు మూసారాంబాగు అను పేరు వినియుందురు. అది ఇతని పేరే. ఫ్రెంచిభాషలో అయ్యగారనుటకు ముస్యె అందురు. ఆ ముస్యె రేమండు హిందువుల నోట మూసారామును, మహమ్మదీయుల నోట మూసారహీమును ఆయెను. తెలుగున లోహము కరిగించి పోయు అచ్చునకు మూస అని పేరుండుట కేవలము కాకతాళీయమే గాని, ఫిరంగుల మూసలు పోయించినవానికి ఆ పేరు బాగుగనే యమరినది.

మిషెల్ జోకిం మరీ రేమండు 1755వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమున, గాస్కనీ సీమలోని సెరిన్యాక్ గ్రామమున వర్తకుని యింట జన్మించెను. ఇరువదియేండ్ల ప్రాయమున, 1775లో, సరకులు ఓడకెక్కించుకొని పుదుచ్చేరి చేరెను. వచ్చినది వర్తకమునకు, నిలిచినది కత్తిమీద. మైసూరున హైదరాలీ కొలువునందున్న ఫ్రెంచి దళములో చిన్న యుద్యోగిగా చేరి, 1783లో బుస్సీ సేనాని మరల ఇండియాకు వచ్చినప్పుడు అతని యొద్ద కుదిరెను. 1785లో బుస్సీ పుదుచ్చేరిలో మరణించెను. మరుసటి సంవత్సరమున రేమండు హైదరాబాదు నిజాము అలీఖాను కొలువులో ప్రవేశించెను.

అప్పుడతని క్రింద నున్న సిపాయీలు 300 మంది. వారి చేతులలోని తుపాకులు సైతము సొంతము కావు. తన దేశస్థుడైన యొక వర్తకుని యొద్ద, తుపాకి ఒక్కింటికి నెలకు ఎనిమిదణాల చొప్పున అద్దెకు తెచ్చినవి. లెక్క వేసిన నెలకు 150 రూపాయలు, సంవత్సరమునకు 1800 రూపాయలు కేవలము అద్దెక్రింద చెల్లును. చెల్లించినను తుపాకి మాత్రము తనది కాదు. కౌలుకు ఎడ్లు తెచ్చి దున్నువాని కష్టమెట్టిదో ఎరిగినవారికి ఇది విప్పిచెప్పనక్కరలేదు. ఆయుధము తన కార్ఖానాలోనే తయారు కావలెనను పట్టుదల రేమండునకు ఈ అద్దెల దినములలోనే కలిగియుండునని యూహించుట తప్పు కాదు.

ఆ కాలపు తుపాకి ఎట్టిదో తెలిసినగాని అతడు చేసిన పని యొక్క విలువ తెలియదు. దాని గొట్టము వెనుకవైపు మూసియుండును. మందును, గుండును ముందు నోటినుండియే వేయవలెను. సిపాయి నిలుచుండి, కాగితపు తూటాను పంట కొరికి, కొంచెము మందును ప్రక్కనున్న చిన్న పళ్లెములో రంజకముగా పోసి మూతవేయును. మిగిలిన మందును గొట్టపు నోట పోసి, పైని గుండును కాగితమును పెట్టి, పొడవైన ఇనుపకడ్డీతో దట్టించును. తుపాకి గుర్రమునకు చెకుముకిరాయి బిగించియుండును. మీట నొక్కగానే లోపలి కమాను విడిపడి, ఆ గుర్రము ముందునకు దూకి, రాయి ఉక్కురేకును గీరును. రేకు వెనుకకు తొలగిపోవుటతో పళ్లెము తెరచుకొని నిప్పురవ్వలు రంజకముపై పడును. ఆ మంట చిన్న రంధ్రముగుండ లోనికి పోయి మందునంటించును. ఇదంతయు రెప్పపాటు పని. రాయి అరిగినను, కమాను సడలినను, రంజకము తడిసినను పని చెడును. ఉత్తరకార్తి వానలో ఈ తుపాకి కఱ్ఱతో సమానము.

గొట్టమునకు మెత్తని యినుము కావలెను. లేనిచో పగిలి పేలినవానినే చంపును. రాయి గీరు రేకునకు గట్టియుక్కు కావలెను. లేనిచో రవ్వ రాలదు. కమానునకు వంగియు విరుగని ఉక్కు కావలెను. మూడు గుణములు గల లోహములు ఒక్క పనిముట్టులో కూడవలెను. అన్నిటికంటె ముఖ్యముగా వేయి తుపాకుల గొట్టములును ఒక్క వెడల్పున నుండవలెను. లేనిచో ఒకని గుండు మరియొకని గొట్టములో పట్టదు, యుద్ధము నడుమ మూటలు విప్పి వెదకుకొనవలసి వచ్చును. మన దేశపు పనివారు చేసిన తుపాకులు అందమునకు కొదువలేనివే. కాని దేని కొలత దానిదే. బాగుగ తరిఫీదైన సిపాయి నిమిషమునకు రెండు మూడు మారులు కాల్చగలడు. నూరు గజములు దాటిన గురి నిలువదు. అందుచేతనే వందలమందిని వరుసగా నిలిపి, ఒక్కమారుగ కాల్పించెడివారు. వరుస ఒకటిగా నుండవలెనన్న తుపాకియు ఒకటిగా నుండవలెను.

వెనుకనుండి మందు నింపిన ఇంత శ్రమ యుండదు గదా అని ఎవరికైనను తోచును. ఆ యుపాయము ఎరుగనిదియు కాదు. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారు ఓడలపై తెచ్చిన చిన్న ఫిరంగులు అట్టివే. ఫిరంగి అను పేరే పరదేశీయుని పేరు. మనిషిపేరు ఆయుధమునకు వచ్చినది. వానికి పిడిగల చెంబువంటి విడి అర లుండెడివి. అరలో మందు దట్టించి, గొట్టము వెనుకనున్న గాడిలో పెట్టి, ఇనుపచీలతో బిగించెడివారు. ఒకటి పేలునంతలో మరియొకటి నింపి సిద్ధముగా నుంచుకొనవచ్చును. లోపమంతయు అతుకునందే యున్నది. మందు అంటుకొన్నప్పుడు పుట్టు ఆవిరి సందు దొరకినచోటనెల్ల వెడలును. గుండును తోయవలసిన బలము వెనుకకు పోయి, కాల్చువాని ముఖముపైకే మంటగా చిమ్మును. సందు లేకుండ తీర్చవలెనన్న ఆకురాయికి అందని నేర్పు కావలెను. 1776లో పాట్రిక్ ఫెర్గూసన్ అను స్కాట్లాండు సైనికుడు గొట్టపు వెనుక నిలువుమరను అమర్చి, ఒక్క త్రిప్పుతో తెరచునట్లు చేసెను. అమెరికా యుద్ధమున 1780లో అతడు మరణించుటతో ఆ తుపాకి మూలబడెను. జర్మనీ దేశపు తాళములవాని కొడుకు డ్రైసె చేసిన సూదితుపాకిని 1841లో ప్రష్యా సైన్యము స్వీకరించిన పిమ్మటగాని వెనుకనుండి నింపుట స్థిరపడలేదు. కావున రేమండు నోటినుండి నింపు తుపాకులను, ఫిరంగులనే పోయించుట వెనుకబాటు కాదు. తన కాలమున నమ్మదగిన దానిని అతడు పట్టుకొనెను.

పదునెనిమిదవ శతాబ్దపు చివరి దశకమున ఫతేమైదానమునకు సమీపమున అతని ఫిరంగుల కార్ఖానా వెలసెను. ప్రజలు దానిని తోప్ కా సాంచా అనిరి; ఆంగ్లేయుల వాడుకలో అది గన్‌ఫౌండ్రీ ఆయెను. 2017 వరకు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు ప్రధాన కార్యాలయ ముండిన పేట యదియే. ఆ కాలమున ఫిరంగి పోయు విధము కంచరి గంటను పోయు విధమువంటిదే, కొలత మాత్రము భయంకరము. దూలమునకు త్రాడు చుట్టి, మట్టి మెత్తి, ఫిరంగి యాకారము తీర్చుదురు. దానిపై కొవ్వు పూసి, వెండ్రుకలు, పేడ కలిపిన మట్టిని పొరలు పొరలుగా మెత్తి, ఇనుపపట్టాలు బిగించి కాల్చుదురు. లోపలి యాకారమును ఊడదీసిన పిమ్మట మిగిలిన మూసను గోతిలో నిలువున పాతి, తొమ్మిది పది పాళ్లు రాగికి ఒకపాలు తగరము కలిపి కరిగించి పోయుదురు. మూసలో తేమ ఏమాత్రమున్నను ఆవిరి పుట్టి అంతయు బ్రద్దలగును. చల్లారిన పిమ్మట గొట్టపు లోపలిభాగమును తొలిచి గుండునకు సరిపడునట్లు నునుపు చేయవలెను. గుండునకును గొట్టమునకును నడుమ వలసినదానికంటె సందెక్కువైన బలము పోవును, తక్కువైన ఫిరంగి చీలును. హైదరాబాదున తయారైన రేమండు ఆయుధములు ఐరోపా సరకునకు తీసిపోవని శత్రువులే యొప్పుకొనిరి.

ఇట్టి పనికి తగిన చేతులు ఈ నేలపై లేకపోలేదు. గోదావరికి ఇరుప్రక్కల కొలుములు రాత్రింబగళ్లు మండిన దినములవి. నిర్మల ప్రాంతపు దిమ్మదుర్తి ఖనిజము పేరుపడినది. మన సరిహద్దునకు ఆవలి కోనసముద్రములో మట్టిమూసలయందు ఇనుమును ఒకరోజంత కాచి, మెల్లగా చల్లార్చి తీసిన ఉక్కుముద్దలను కొనుటకు పారశీకదేశపు వర్తకులు స్వయముగా వచ్చెడివారు. ఆ ఉక్కు కత్తులకు కీర్తి తెచ్చెను. తుపాకికి కావలసినది కీర్తి కాదు, ఒక్కతీరున పదివేలు చేయుట. ఆ క్రమశిక్షణ రేమండు తెచ్చినది.

మూడువందలతో మొదలైన దళము పదేండ్లలో పదివేలు దాటెను. 1795 మార్చిలో ఖర్దాయొద్ద మహారాష్ట్రులతో జరిగిన యుద్ధమున అతని కాల్బలము చెదరక నిలిచెను. నిజాము మాత్రము అంతఃపుర స్త్రీల భయమునకు లోబడి ఖర్దా కోటలోనికి తగ్గెనని చెప్పుదురు. పోరు పోయెను, మంత్రి అజీముల్ ఉమరాను పుణ్యపురమునకు జామీనుగా పంపవలసివచ్చెను. ఆపదలో తోడురాని కుంఫిణీ పటాలములను నిజాము పంపివేసి రేమండునే నమ్ముకొనెను. ఆ వేసవిలోనే నిజాము కుమారుడు ఆలీజా తిరుగబడగా రేమండే వెంబడించి పట్టుకొనెను. ఆ రాకుమారుడు తండ్రి ముఖము చూడలేక దారిలోనే విషము త్రాగి మరణించెను. ఈ సేవకు రేమండునకు మెదకు జాగీరును, అజ్దరుద్దౌలా మొదలగు బిరుదులును లభించెను.

అతని పటాలము ఫ్రెంచి ప్రజాప్రభుత్వపు మూడురంగుల జెండా క్రింద నడిచెను. సిపాయీల గుండీలపై సైతము ఆ దేశపు స్వేచ్ఛాచిహ్నమైన టోపీ చెక్కబడియుండెను. టిప్పు సుల్తానుతో ఇతనికి స్నేహము కలదు. ఆంగ్లేయులకు నిద్రపట్టకుండుటకు ఇవి చాలును.

రేమండునందును లోపము లేకపోలేదు. ఇంత సైన్యమునకు అధికారులందరిని తన జాతివారిలోనుండియే యెన్నుకొనెను. కొలిమియొద్ద చెమటోడ్చినవారు మనవారు, కొలతబద్ద పట్టినవారు వారు. దాని ఫలము అతడు కన్నుమూసిన యేడాదిలోనే కానవచ్చెను.

1798 మార్చి 25న, నలువది మూడవ యేట, రేమండు మరణించెను. విషప్రయోగమను వదంతి పుట్టెను. అతని స్థానమున పిరోన్ అనువాడు వచ్చెను. పదవి వచ్చినదిగాని పలుకుబడి రాలేదు. సెప్టెంబరు 1న నిజాము కుంఫిణీతో సంధి చేసికొని, ఆరువేల ఆంగ్ల సిపాయీలను ఉంచుకొనుటకును, అందులకు ఏటేట 24,17,100 రూపాయలు చెల్లించుటకును, ఫ్రెంచివారిని పంపివేయుటకును ఒప్పుకొనెను. అద్దె తుపాకులతో మొదలైన కథ అద్దె సైన్యమువద్దకు వచ్చినది. అద్దె మాత్రము పెరిగినది. బాకీపడిన జీతములకై సిపాయీలు తమ అధికారులనే నిర్బంధించిరి. అక్టోబరు 22న కుంఫిణీ సేన వారిని చుట్టుముట్టగా, జీతములు ముట్టునని మాట యిప్పించి, కొన్ని గంటలలోనే, ఒక్క నెత్తురుబొట్టు రాలకుండ ఆయుధములన్నియు క్రింద పెట్టించిరి. కిర్క్‌పాట్రిక్, మాల్కం అను ఆంగ్లాధికారులు ఆ పని నడిపిరి. ఆనాటి సిపాయీలలో అనేకులు మరల పటాలములుగ కూర్చబడి, మరుసటి యేడు ఆంగ్లాధికారుల క్రింద శ్రీరంగపట్టణము ముట్టడికి నడిచిరి. రేమండు మిత్రుడైన టిప్పు 1799 మే 4న ఆ కోటలో నేలకొరగెను.

పట్నమునకు తూర్పున, మలకుపేట దాటిన పిమ్మట, అస్మాన్‌గఢ్ గుట్టపై రేమండు సమాధి కలదు. ఇరువది మూడడుగుల యెత్తుగల రాతిస్తంభము, దానిపై అతని పేరు తొలి యక్షరములు రెండు, ప్రక్కన స్తంభములతో కూడిన మంటపము. 1940 ప్రాంతము వరకును ఏటేట మార్చి 25న అచ్చట ఉరుసు జరిగెడిది. ఊదుబత్తులు వెలిగించి, టెంకాయలు కొట్టి, మూసారామునకు మ్రొక్కుకొనెడివారు. ఆ మంటపము 2001లో వానలకు కూలిపోగా, 2003లో మరల కట్టిరి.