చిట్యాల ఐలమ్మ చరిత్రము

రాజులు రాజ్యములకై చేసిన యుద్ధములను మన కవులు విస్తారముగా వర్ణించిరి. నాలుగెకరముల చేనికై జరిగిన యుద్ధమును వర్ణించిన వారు అరుదు. అట్టి యుద్ధమొకటి మన తెలంగాణమునందే జరిగినది. అందు ముందు నిలిచినది ఒక చాకలి ఇల్లాలు. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఆమె చరిత్రమునకు చోటుండుట ఉచితమని తలచి, తెలిసినంతవరకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఐలమ్మ 1895వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన, నేటి రాయపర్తి మండలమునకు చేరిన కృష్ణాపురమున జన్మించెను. తల్లి ఓరుగంటి మల్లమ్మ, తండ్రి సాయిలు. చిన్న వయసుననే ఆమెను పాలకుర్తి గ్రామవాసి చిట్యాల నరసింహకిచ్చి పెండ్లి చేసిరి. కొడుకులతో, కూతురితో ఆ ఇల్లు నిండెను. కులవృత్తియే వారికి జీవనాధారము.

పాలకుర్తి పేరు విన్నంతనే సాహిత్యప్రియులకు సోమనాథుడు స్మరణకు వచ్చును. బసవపురాణమును ద్విపదలో రచించిన ఆ మహాకవి, మడివాలు మాచయ్య యను చాకలి భక్తుని కథను అందు భక్తితో చెప్పినాడు. పోతనామాత్యుని ఊరని ప్రసిద్ధి గన్న బమ్మెరయు అచ్చటికి సమీపముననే కలదు. ఆ మహాకవి హాలికుడై జీవించెనని పెద్దలు చెప్పుదురు. చాకలికి పూజ్యత నిచ్చిన కవి ఒకరు, నాగలిని నమ్మిన కవి మరియొకరు. ఆ నేలమీదనే శతాబ్దములు గడచిన పిదప ఒక చాకలి స్త్రీ నాగలిని నమ్ముకొని నిలిచినది.

ఆ కాలమున ఆ ప్రాంతము విసునూరు దేశ్‌ముఖు రాపాక రామచంద్రారెడ్డి ఏలుబడిలో నుండెను. అరువది గ్రామములపై అధికారము, నలుబది వేల ఎకరముల భూమి ఆయన చేతిలో నుండెనని ప్రసిద్ధి. వెట్టిచాకిరి అనునది అచ్చట ఏ కులమునూ విడువలేదు. చాకలి బట్టలుతుకవలెను, కుమ్మరి కుండలీయవలెను, మాదిగ చెప్పులు కుట్టవలెను, రైతు తన చేను ఎండుచున్నను దొర చేను ముందు దున్నవలెను. కూలి అడుగుటయే నేరము.

అట్టి దినములలో ఐలమ్మ కుటుంబము మల్లంపల్లి భూస్వామి కొండలరావు వద్ద నలుబది ఎకరములు కౌలునకు తీసికొని, అందు నాలుగెకరములు సాగు చేసినది. నేడు మనకిది చిన్న సంగతిగా తోచవచ్చును. ఇతరుల మైల బట్టలు మోయుటకే పుట్టిరని లోకము తలచిన వారు, తమ చేను, తమ పంట, తమ గాదె అను మాటలు పలుకుటకు సాహసించుట అది. దొరకు కంటగింపైనది నాలుగెకరముల వరి కాదు, ఆ సాహసము.

ఈ సందర్భమున గ్రంథాలయముల మాట చెప్పక తప్పదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. దానితో మొదలైన గ్రంథాలయోద్యమమే తెలుగువారిని ఒకచోట చేర్చినది. మాడపాటి హనుమంతరావు మొదలగు పెద్దల కృషిచే 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ ప్రథమ సమావేశము జరిగినది. 1944లో భువనగిరి సభ రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన పిమ్మట, ఆ సభ పల్లెలలో సంఘమను పేరుతో బీదల ఇండ్లలోనికి ప్రవేశించెను. ఐలమ్మ కుటుంబము సంఘములో చేరినది. బడి చదువు లేని ఆమె ఇల్లు సంఘ కార్యకర్తలకు అన్నము పెట్టు ఇల్లాయెను.

తన పొలములో వెట్టికి రమ్మని పట్వారీ ఆజ్ఞాపించగా ఆ కుటుంబము నిరాకరించెను. అంతట వారిపైనను సంఘ నాయకులపైనను నేరము మోపి నిర్బంధించిరి. న్యాయస్థానమున ఆ అభియోగము నిలువలేదు. అప్పుడు దేశ్‌ముఖు మరియొక ఉపాయము పన్నెను. ఐలమ్మ కౌలు భూమిని పట్వారీ చేత తన పేర వ్రాయించుకొనెను. కాగితము మారినది కనుక పంటయు తనదేయని పలికి, నూరుమందిని కోతకు పంపెను.

సంఘము వారు ఊరకుండలేదు. భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆరుట్ల రామచంద్రారెడ్డి, నల్లు ప్రతాపరెడ్డి, చకిలం యాదగిరిరావు ప్రభృతులు ముందు నిలువగా, 28 మంది కర్రలు చేబూని చేనికి తరలిరి. నూరుమంది గూండాలు ఇరువదియెనిమిది మందికి వెరచి పారిపోయిరి. కోత ముగిసి, ధాన్యము ఐలమ్మ ఇల్లు చేరెను. ఆ రాత్రి పోలీసు సహాయముతో వచ్చియు ఆ ధాన్యమును దొర మనుష్యులు తరలింపలేకపోయిరి.

గెలుపునకు వెల లేకపోలేదు. నాయకులను పట్టి విసునూరు గడీలో చిత్రహింసల పాలు చేసిరి. ఐలమ్మ ఇంటిని తగులబెట్టిరి, సొత్తు దోచిరి. ఆమె కుమార్తె చెప్పరాని దారుణమునకు గురియైనది. ఇంత జరిగినను ఆమె చేను విడిచి పోలేదు, దొర కాళ్లపై బడలేదు. ధైర్యమనగా భయము లేకుండుట యని మనము అనుకొందుము. ఉన్నదంతయు పోగొట్టుకొనియు చేని గట్టు విడువకుండుటయే ధైర్యమని ఆమె చరిత్రము బోధించుచున్నది.

1946వ సంవత్సరము జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు ఒరిగెను. అంతట ఆ నిప్పు తెలంగాణమంతట వ్యాపించెను. 1948లో నిజాము పాలన అంతమైన తరువాత పోరాట దళములు మన గోదావరి అడవులలోనికిని వచ్చినవి. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడెను. ఈలోగా 1949లో జాగీర్లు రద్దయ్యెను, 1950లో కౌలుదారీ చట్టము వచ్చి రక్షిత కౌలుదారు అను మాట రికార్డుల కెక్కెను. నాడు పాలకుర్తిలో కర్రలతో నిలిపిన హక్కు పిదప చట్టములో అక్షరమైనది.

ఐలమ్మ 1985 సెప్టెంబరు 10వ తేదీన పాలకుర్తిలోనే కన్నుమూసెను. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయమునకు తెలంగాణ ప్రభుత్వము ఆమె పేరు పెట్టినది. బడి మెట్లెక్కని ఇల్లాలి పేర ఆడుబిడ్డలు పట్టములు పొందుట ఎంత ముచ్చట!

లెక్కలు వ్రాయు వృత్తిలో తల నెరసినవాడను నేను. ఈ కథలో నన్ను కలవరపెట్టునది దొర దుడ్డుకర్ర కాదు, పట్వారీ కలము. నూరు కర్రలకు లొంగని చేనును ఒక గీత పరాధీనము చేయ జూచినది. మన కిన్నెరసాని ఒడ్డున నేటికిని కౌలు సాగు చేయు కుటుంబములు కలవు. పంట వారిది, పేరు కాగితముపై మరియొకరిది. చదువరులారా! మన గ్రంథాలయమునకు వచ్చి అక్షరము నేర్చిన ప్రతి బిడ్డయు తన ఇంటి పహాణీని తాను చదువుకొన గలిగిననాడు, ఐలమ్మ ఋణము కొంత తీర్చిన వారమగుదుము.