పత్తి చేను నుంచి ఆకాశానికి – బెస్సీ కోల్మన్

విమానం నడపడం నేర్చుకోవాలంటే ఏం కావాలి? డబ్బు, ధైర్యం కావాలని అందరూ అంటారు. వాటికంటే ముందు నేల మీద చాలా తయారీ కావాలని బెస్సీ కోల్మన్ జీవితం మనకు చెబుతుంది.

ఆమె 1892 జనవరి 26న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఒక పేద నల్లజాతి కుటుంబంలో జన్మించారు. మనం గణతంత్ర దినోత్సవం జరుపుకునే రోజే ఆమె పుట్టినరోజు. 1901లో తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోగా, తల్లి సుసాన్ ఇళ్ళలో పని చేసి పిల్లల్ని పోషించింది. నల్లజాతి పిల్లల కోసం విడిగా ఉన్న ఒంటిగది బడికి బెస్సీ సుమారు 4 మైళ్ళు నడిచి వెళ్ళేవారు. పత్తి తీసే రోజుల్లో బడి మానేసి కూలికి వెళ్ళక తప్పేది కాదు. బట్టలుతికి కూడబెట్టిన డబ్బుతో 1910లో ఓక్లహామాలోని కళాశాలలో చేరారు. ఒక్క టర్ము పూర్తయ్యేసరికి డబ్బు అయిపోయి ఇంటికి తిరిగి వచ్చారు.

తర్వాత ఆమె షికాగో నగరం చేరి, ఒక క్షౌరశాలలో గోళ్ళు తీర్చిదిద్దే పని చేశారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన అన్నయ్య, ఫ్రాన్సులో ఆడవాళ్ళు విమానాలు నడుపుతున్నారని, అది మీవల్ల కాదని ఎగతాళి చేశాడు. ఆ మాట ఆమెలో పట్టుదల పెంచింది. కానీ అమెరికాలోని శిక్షణ సంస్థలు ఆమెను చేర్చుకోలేదు. ఆమె నల్లజాతి మనిషి, పైగా స్త్రీ.

షికాగో డిఫెండర్ పత్రికాధిపతి రాబర్ట్ అబాట్ ఆమెకు ఫ్రాన్సు దారి చూపించారు. ఆమె ఫ్రెంచి భాష నేర్చుకున్నారు, జీతంలో మిగిల్చి డబ్బు కూడబెట్టారు. పెద్దలు కొందరు సాయం చేశారు. 1920 నవంబరులో ఓడ ఎక్కారు.

లె క్రోటోయ్ అనే ఊరిలో కోడ్రాన్ సోదరుల పాఠశాలలో శిక్షణ. కర్ర, గుడ్డ, తీగలతో చేసిన విమానం అది. ఎక్కే ముందు రెక్కలు, తీగలు అన్నీ పరీక్షించుకోవాలి. ఇంజను మోతలో గురువు మాట వినపడదు. ఆయన కదిపినప్పుడల్లా తన ముందున్న చేతికర్ర ఎటు కదులుతుందో చూసి నేర్చుకోవాలి. తోటి విద్యార్థి ఒకరు ప్రమాదంలో మరణించినా ఆమె వెనకడుగు వేయలేదు. 1921 జూన్ 15న లైసెన్సు సాధించారు. అమెరికా నల్లజాతి స్త్రీలలో ఆ ఘనత సాధించిన మొదటి వ్యక్తి ఆమే.

స్వదేశంలో ఆమె విమాన విన్యాసాలు చూడటానికి వేలమంది వచ్చేవారు. 1923లో విమానం కూలి కాలు విరిగినా, కోలుకుని మళ్ళీ ఎగిరారు. తాను పెరిగిన వాక్సహాచీ పట్టణంలో నల్లవారికి, తెల్లవారికి వేర్వేరు ద్వారాలు పెడితే తాను ఎగరనన్నారు. నిర్వాహకులు ఒకే ద్వారం పెట్టారు. లోపల మాత్రం వేర్వేరుగానే కూర్చోబెట్టారు.

నల్లజాతి యువతకు విమాన పాఠశాల పెట్టాలన్నది ఆమె కల. అది తీరకముందే, 1926 ఏప్రిల్ 30న జాక్సన్‌విల్‌లో జరిగిన ప్రమాదంలో మరణించారు. మరమ్మతుకు వాడే రెంచి ఒకటి యంత్రంలో ఇరుక్కుని విమానం అదుపు తప్పింది. కిందికి వంగి చూడాలని ఆమె సీటు బెల్టు పెట్టుకోలేదు. 1929లో విలియం పావెల్ లాస్ ఏంజెలిస్‌లో ఆమె పేరున ఏరో క్లబ్బు పెట్టి ఆ కలను ముందుకు తీసుకెళ్ళారు. 1992లో మే జెమిసన్ ఆమె చిత్రాన్ని అంతరిక్షంలోకి తీసుకెళ్ళారు.

ఒక తలుపు మూసుకుంటే మరో తలుపు వెతకాలని, దాని కోసం కొత్త భాషైనా నేర్చుకోవాలని మేము ఆమె నుంచి నేర్చుకున్నాం. ఎంత నేర్చిన వారికైనా చిన్న జాగ్రత్త అవసరమని కూడా తెలుసుకున్నాం. మా హాస్టల్ తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పెద్ద కలలు కనండి. వాటికి తయారీ ఈ రోజే మొదలుపెట్టండి.